మూడో సీసా ఉలవలు

మొన్న శుక్రవారం ఉదయం ఆరూ పదికి, ఒమాన్‌లో, షినాస్‌లోని మా క్వార్టర్ వంటింట్లో టీ వడకడుతుండగా ఫోన్ మోగింది. "మొలిసేయి వదినా! వరసంతా మొలిసేయి," అన్నాడు తోటలో మా ఆయన కింద పనిచేసిన శ్రీకాకుళం తమ్ముడు. స్టవ్ ఆపి, అక్కడే స్టూలు మీద కూర్చున్నాను.

మా ఆయన ఖర్జూరం తోటకు సూపర్‌వైజర్. ఆయన పోయి తొమ్మిది నెలలైంది. చెట్ల మధ్య ఖాళీ మళ్ళలో రెండు చలికాలాలు మూడు రకాల ఉలవలు వేశారు: వాళ్ళమ్మ ఇచ్చిన నల్లవి, అనంతపురం నుంచి తెప్పించిన ఎర్రవి, ఎవరో స్నేహితుడు పంపిన బూడిదరంగువి. అందరికీ అది మేకల మేత. ఆయన మాత్రం ఇక్కడి ఉప్పునీటికి ఏది తట్టుకుంటుందో చూడాలని మూడింటికీ అదే నీరు సమంగా కొలిచి పెట్టి, ఏ వరసకెంత పండిందో నా వంటింటి త్రాసులో తూచేవారు. రెండుసార్లూ బూడిదరంగువే గెలిచాయి. సీసాలకు ఆసుపత్రి ప్లాస్టర్ అంటించి అంకెలు వేసింది నేనే; బూడిదరంగువి మూడో సీసా. "వంటకి ఒకటీ రెండూ వాడుకో. మూడోది ముట్టుకున్నావో, విడాకులే," అనేవారు.

ఆయన పోయాక చర్చివాళ్ళు మా ఇంట్లో పెట్టిన ఆదరణ కూడికకు వచ్చినవాళ్ళకు ఉలవచారు కాచాలని చేతికందిన సీసాల్లోవన్నీ నానబోశాను. అందరూ రెండోసారి పోయించుకున్నారు. సీసాలు కడిగేటప్పుడు మూడో అంకె కనిపించింది. నేను నర్సుని; మందు ఇచ్చేముందు లేబుల్ మూడుసార్లు చదవడం నా ఉద్యోగం. ఆ రోజు ఒక్కసారైనా చదవలేదు. ఆయన రెండేళ్ళ పనిని నేనే వండి వడ్డించానని ఎవరికీ చెప్పలేకపోయాను.

విత్తే రోజులొచ్చాక తమ్ముడు సీసా అడిగితే చెప్పక తప్పలేదు. అతను నవ్వాడు. "వంటింట్లో ఇత్తనం నిలస్తాదేటి వదినా? అన్నకి మీ సంగతి తెల్దా? సగం నాకిచ్చేడు, బూడిదలో కలిపి డబ్బాలో దాసేను." అయినా అతని రేకుల రూమ్‌లో వేసవంతా ఉన్న గింజ మొలుస్తుందో లేదో అతనికీ తెలియదు. అతను విత్తాక నాలుగు రోజులు డ్యూటీలో కూడా ఫోన్ జేబులోనే పెట్టుకు తిరిగాను.

ఫోనొచ్చిన శుక్రవారం సాయంత్రమే తోటకు వెళ్ళి చూశాను. ఇసకలో రెండేసి ఆకులు. నా మీద ఆయనకున్న అపనమ్మకానికి మొదటిసారి కృతజ్ఞత కలిగింది. తొమ్మిది నెలలు నేను పోయిందనుకున్నది, అంతకాలమూ ఒక డబ్బాలో తన వేళ కోసం ఆగి ఉంది. మా ఇంట్లో చారు ఇప్పటికీ కాస్తాను. విత్తనాలు మాత్రం వంటింట్లో పెట్టడం లేదు.