ముందు చీర అడ్డం పెట్టండి

అంబులెన్సులో టెక్నీషియన్‌గా చేరిన రెండో ఏడాది సంగతి ఇది. ఇంతవరకూ ఇంట్లో కూడా చెప్పలేదు.

మిరపకాయ కోతల రోజులు. సత్తెనపల్లి దాటాక, పొద్దున్నే కూలీలను తీసుకెళ్తున్న ఆటో పత్తి చేలోకి బోల్తా పడింది. మేం వెళ్లేసరికి దాదాపు అందరూ గట్టు మీద కూర్చుని ఉన్నారు. ఒకావిడ మాత్రం చీర మీద మొగుడి పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, కోతకు వెళ్లే వేషంలోనే వెల్లకిలా పడి ఉంది. ఆటో ఇనుప చువ్వ గజ్జల్లో దిగింది. ఎవరో తెలియక లాగేశారు. కింద నల్లమట్టి తడిసిపోతోంది.

తొడకైతే పైన పట్టీ బిగించవచ్చు. గజ్జలకు బిగించే చోటుండదు. గాజుగుడ్డ లోపలికంటా కుక్కి, ఒంటి బరువంతా వేసి నొక్కి పట్టాలి. శిక్షణలో ఈ పని అందరికంటే త్వరగా చేసి మెప్పు పొందినవాణ్ణి నేను. అక్కడ పడుకోబెట్టింది బొమ్మను. దానికి చీర లేదు, చుట్టూ ఊరి జనం లేరు.

గాజుగుడ్డ చేతిలో పట్టుకుని నేనన్న మొదటి మాట, "ముందు చీర అడ్డం పెట్టండమ్మా."

ఆడవాళ్లు కాయలు పోసుకునే పాత చీర ఒకటి వెతికి, ముడులు విప్పడం మొదలుపెట్టారు. నేను మొహం పక్కకు తిప్పుకుని మర్యాదస్తుడిలా నిలబడ్డాను. గాయం నాకు అడుగు దూరంలో ఉంది.

వాళ్లలో పెద్దావిడ ఒకామె నా మీద విరుచుకుపడింది. "ఏందయ్యా, దిక్కులు చూస్తన్నావు? అది చచ్చిపోద్ది. ఎక్కడ నొక్కాలో చెప్పు, నేను నొక్కుతా." చెప్పేలోపే గాయం మీది చీర తొలగించి పిడికిలి పెట్టి నొక్కేసింది. అప్పుడు కదిలాను. ఆమె చెయ్యి పక్కనుంచి గాజుగుడ్డ కుక్కి, ఆసుపత్రి దాకా నొక్కిన చేతులు ఎత్తలేదు. దారిలో ఆవిడ మూలగడం కూడా మానేసింది. ఎవరి సిగ్గు కోసం ఆగానా అని అప్పుడు ఆలోచించాను. ఆవిడ సిగ్గు కోసం కాదు. నన్నెవరైనా ఏమైనా అంటారేమోనని.

ఎలాగో బతికింది. నెల తర్వాత ఆవిడ భర్త ఎండుమిరపకాయల సంచి పట్టుకుని మా అంబులెన్సు ఆగే చోటికి వచ్చాడు.

"అంతమందిలో మా ఆడమనిషి మర్యాద కాపాడారంటండి. ముందు చీర అడ్డం పెట్టమన్నారంట. మీ మేలు మర్చిపోలేమండి," అంటూ రెండు చేతులూ జోడించాడు.

"అది మా డ్యూటీ అండి," అన్నాను. సంచి కూడా తీసుకున్నాను.