పదిహేడు అంగుళాల తెర

ఆయన్ని ఆఫీసులో అందరూ స్కేలు మాస్టారు అంటారు. మనిషి సన్నగా, నిటారుగా ఉంటాడని కొందరు, గీసిన గీత వెంట్రుకవాసి కూడా పక్కకి పోదని కొందరు. రోడ్ల కింద నీళ్ళ గొట్టాలు, మురుగు గొట్టాలు, కరెంటు కేబుళ్ళు ఎక్కడెక్కడ పోతున్నాయో నక్షా గీయడం ఆయన పని. సర్వేయర్లు వీధులన్నీ కొలిచి ఫైలు పంపిస్తారు. మాస్టారు ఇంట్లో కూర్చుని దాన్నుంచి శుభ్రమైన షీటు తయారు చేస్తాడు. ఆ షీటుని నమ్ముకునే తవ్వేవాళ్ళు గునపం దించుతారు. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. మాస్టారు లేదన్నాడంటే భూమిలో లేనట్టే అని ఆఫీసులో ఒక మాట ఉండేది.

ఆయనకున్న వ్యసనం ఒక్కటే. ఆదివారం అన్నం తిని చెయ్యి కడుక్కోగానే బామ్మర్దితో యుద్ధం. బామ్మర్ది బస్సు డిపోలో మెకానిక్కు, నాలుగు వీధుల అవతల ఇల్లు. ఎవరి కంప్యూటరు ముందు వాళ్ళు కూర్చుని, చెరో రాజ్యం ఏలుతూ, కోటలు కడుతూ, వేల మంది సైనికుల్ని నడిపిస్తూ, మధ్యమధ్యలో ఫోనులో తిట్టుకుంటూ పొద్దు గుంకేదాకా ఆడేవాళ్ళు. "మా ఆయనా మా తమ్ముడూ కలిసి భూమండలాన్ని పాలిస్తున్నారు. ఇంట్లో గ్యాసు అయిపోతే మాత్రం చెప్పుకునే దిక్కు లేదు" అనేది మాస్టారి భార్య.

రెండేళ్ళుగా ఆ యుద్ధాల్లో మాస్టారు వరసగా ఓడిపోతున్నాడు. శత్రువు ఎప్పుడూ తెర అంచుల్లోంచే దిగబడేవాడు. చూసేసరికి సగం కోట బూడిద.

"ఏం బావా, ఎడమ పక్క కాపలావాళ్ళు నిద్రపోతున్నారా? జీతాలిస్తున్నావా లేదా?" అని బామ్మర్ది ఫోనులో పడీపడీ నవ్వేవాడు.

మాస్టారూ నవ్వేవాడు. కారణం ఆయనకి తెలుసు. కంటి డాక్టరు రెండేళ్ళ కిందటే చెప్పాడు. చూపు అంచుల నుంచి ఎండిపోతూ వస్తోంది. మధ్యలో మాత్రం సూదిలో దారం ఎక్కించేంత స్పష్టంగా ఉంటుంది, గొట్టంలోంచి చూసినట్టు. ఆ గొట్టం ఏటేటా సన్నబడుతుంది. మందు లేదు.

మాస్టారు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. గుమ్మాలకి భుజాలు కొట్టుకుంటే భార్య పరధ్యానం అనుకుంది. గ్లాసులు తన్నేస్తే వయసు అనుకుంది. ఆయన చేసిందల్లా ఒకటే. పాత మానిటరు తీసేసి ఇరవై ఏడు అంగుళాలది కొన్నాడు. చూపు తగ్గినవాడికి తెర పెద్దదుంటే మంచిదని ఆయన లెక్క. ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఇలా ఉండగా, ఇరవై రోజుల కిందట ఒక వీధిలో తవ్వుతుంటే డ్రిల్లు కరెంటు కేబులు మీద పడింది. డ్రిల్లు పట్టుకున్న మనిషికి రెండు చేతులూ మోచేతుల దాకా కాలిపోయాయి. మాస్టారి షీటులో అక్కడ కేబులు లేదు. సర్వేయరు కాంట్రాక్టు ఉద్యోగి. "కేబులు రోడ్డుకి ఈ పక్కకి మార్చారు, నా ఫైల్లో నోటు పెట్టాను" అని మొత్తుకున్నాడు. మేనేజరు మాస్టారికి ఫోను చేసి, నోటు ఉందా అని అడిగాడు. మాస్టారు ఫైలు తెరిచి గంటసేపు వెతికాడు. తవ్విన చోట చూశాడు. నోట్లు ఎప్పుడూ ఉండే కుడి పక్క పట్టీలో చూశాడు. ఎక్కడా లేదు.

"లేదండీ" అన్నాడు.

ఆ సాయంత్రమే సర్వేయరుని ఇంటికి పంపించేశారు. ఆఫీసు ల్యాప్‌టాప్ కూడా లాగేసుకున్నారు. చూపించుకోవడానికి అతని చేతిలో ఏమీ మిగల్లేదు. మాస్టారికి రెండు పూటలు అన్నం సయించలేదు గానీ, లేనిదాన్ని ఉందని ఎలా చెబుతాను అనుకుని సర్దుకున్నాడు.

ఆ ప్రమాదం తర్వాత ఆఫీసు పద్ధతి మార్చింది. ఇక నుంచి ఫైళ్ళు మూడింతలు బరువుగా వస్తాయి, నెలాఖరులోగా వాటిని మోయగల కంప్యూటరు లేనివాళ్ళకి పని రాదు అంది. మాస్టారి కంప్యూటరు ఉన్న ఫైళ్ళకే ఆయాసపడుతోంది. బామ్మర్దికి మాత్రం ఇది పండగే.

"కొనడమంటూ మొదలెడితే తుక్కు ఎందుకు కొంటాం బావా? పొద్దున పని, ఆదివారం యుద్ధం, రెండిటికీ పనికొచ్చేది కొందాం. ముప్పై నాలుగు అంగుళాల తెర వచ్చింది, వంపు తిరిగి ఉంటుంది. కూర్చుంటే ఈ చెవి నుంచి ఆ చెవి దాకా చుట్టేస్తుంది."

ఆ మాట మాస్టారికి మనసులో నాటుకుంది. వంపు తిరిగిన తెర అంచుల్ని తెచ్చి కళ్ళ ముందు పెడుతుందేమోనని ఆశ. ఇంకో నాలుగేళ్ళు లాక్కురావచ్చు.

కంప్యూటర్లు కూర్చి ఇచ్చే ఆవిడ దుకాణం టైలరు షాపు మీద మొదటి అంతస్తులో ఉంది. యాభై దాటిన మనిషి, వేళ్ళ నిండా సోల్డరింగ్ మచ్చలు. అందరూ అక్కా అంటారు. ఆవిడకి ఒక పట్టుదల ఉంది. కొనేవాడు తన పనిలోకెల్లా బరువైన ఫైలూ, తను ఆడే ఆటా పెన్‌డ్రైవులో తెచ్చి, ఆవిడ బల్ల దగ్గర కూర్చుని పది నిమిషాలు పనిచేసి చూపించాలి. అప్పుడు గానీ ఏ సామాను కావాలో రాయదు.

"చెప్పులు కుట్టేవాడు కాలు చూస్తాడు, కాలు గురించి కథ వినడు" అంటుంది.

బామ్మర్ది జేబులోంచి కాగితం తీశాడు. "అక్కా, లిస్టు మేమే రాసుకొచ్చాం. ముప్పై నాలుగు అంగుళాల వంపు తెర, గ్రాఫిక్స్ కార్డు అన్నిటికంటే పెద్దది..."

"బస్సులు బాగుచేస్తావు కదా తమ్ముడూ. ఇంజను ఊపిరాడక చస్తుంటే బయట రంగులేస్తావా?" అంది ఆవిడ, కాగితం అందుకోకుండానే. "మీ ఆటలో పదివేల మంది సైనికులు ఎవడు ఎటు నడవాలో లెక్క కట్టేది ప్రాసెసరు. మీ బావగారి నక్షాలకీ అదే దిక్కు. ఆ కార్డు బొమ్మలు చూపిస్తుంది, అంతే. నువ్వు అటు జరుగు. అన్నగారూ, మీరు కూర్చోండి."

ఆవిడ బల్ల మీద ఉన్నది పాతకాలపు చదరపు మానిటరు, పదిహేడు అంగుళాలది. చుట్టూ తీగలు, స్క్రూలు, సగం తాగిన టీ గ్లాసు ఉండటంతో అంతకంటే పెద్దదానికి చోటు లేదు.

మాస్టారు ఆట మొదలుపెట్టాడు. మూడు నిమిషాలకి ఎడమ పక్కనుంచి గుర్రాలు వచ్చాయి. రావడం ఆయనకి కనపడింది. రెండేళ్ళలో ఒక సైన్యం రావడాన్ని ఆయన చూడటం అదే మొదటిసారి. విలుకాళ్ళని తిప్పాడు, వంతెన కూల్చాడు, గుర్రాలన్నీ ఏట్లో పడ్డాయి.

"ఓహో, ఇవాళ జీతాలిచ్చినట్టున్నాడు" అన్నాడు బామ్మర్ది.

అక్క తెర వైపు చూడటం లేదు. మాస్టారి మొహం చూస్తోంది. "పెద్ద తెర మీద ఇంత బాగా ఆడతారా?" అని అడిగింది.

"ఎక్కడ! ఆదివారం ఆదివారం నా చేతిలో తన్నులు తింటాడు" అన్నాడు బామ్మర్ది.

"అయితే ఆ వంపు తెర ఆయనకి వద్దు. అసలు పెద్దదేదీ వద్దు." ఆవిడ గొంతు తగ్గించింది. "అన్నగారూ, మీరు కళ్ళు తిప్పడం లేదు, తల తిప్పుతున్నారు. బాణం గుర్తు మూలకి పోతే మీకు పోయినట్టే. తాళం కంతలోంచి చూసేవాడికి గోడ పెంచితే ఏం లాభం? చిన్న గోడ అయితే కంతలో పడుతుంది."

బామ్మర్ది నవ్వబోయి, బావ మొహం చూసి ఆగిపోయాడు.

"ఏమిటి బావా? ఏమంటోంది ఈవిడ?"

"పని ఫైలు తెరవనివ్వరా" అన్నాడు మాస్టారు.

ఆయన తెచ్చుకున్న ఫైలు ఆ వీధిదే. ఉన్నవాటిల్లో అదే బరువైనది, పైగా ఈమధ్య అస్తమానం చేతిలో మెదులుతున్నది. సర్వే ఫైలు మెల్లగా తెరుచుకుంది. ఆ చదరపు తెరలో షీటు మొత్తం, నాలుగు మూలలతో సహా, ఒక్కసారిగా ఆయన చూపులో పట్టింది. అలా పట్టి ఎన్నాళ్ళయిందో. కుడి పక్క పట్టీ కిక్కిరిసి ఉంది, చీమ దూరే సందు లేదు. ఎడమ పక్క కింద, ఎవరూ ఏమీ రాయని మూలలో, ఎర్రటి చుక్క లాంటిదేదో ఉంది. దాన్ని దగ్గరికి తెచ్చాడు.

చుక్క కాదు. రెండు పంక్తులు. కేబులు పడమటి పక్కకి మార్చారు, తవ్వేముందు కరెంటు ఆఫీసుకి చెప్పాలి. కింద తేదీ, సర్వేయరు పొడి అక్షరాలు.

కింద టైలరు మిషను చప్పుడు ఆగి మళ్ళీ మొదలైంది. మాస్టారు తెరని వేలితో ముట్టుకున్నాడు, అక్షరాలు చెరుగుతాయేమో చూద్దామన్నట్టు. తర్వాత జేబులోంచి ఫోను తీసి సర్వేయరుకి కలిపాడు. చాలాసేపు మోగాక అతను ఎత్తాడు. బల్ల చిన్నది, ఫోను గొంతు పెద్దది. అన్ని మాటలూ పక్కవాళ్ళకి వినపడ్డాయి.

"నోటు ఉందయ్యా" అన్నాడు మాస్టారు.

"నేను చెప్పాను కదా సార్" అన్నాడు అతను.

"చెప్పావు."

"పట్టీలో చోటు లేక మూలన పెట్టాను. అదీ చెప్పాను, మేనేజరు గారు విన్లేదు. మాస్టారు లేదన్నారు, ఇంకేం మాట్లాడకు అన్నారు. ఎందుకు లేదన్నారు సార్?"

"కనపడలేదు."

"గంటసేపు చూశారటగా. కనపడకపోవడమేమిటి?"

"నాకు అంచులు కనపడవయ్యా. రెండేళ్ళయింది. డాక్టరు ముందే చెప్పాడు. నేనే ఎవరికీ చెప్పలేదు."

బామ్మర్ది స్టూలు మీద కూలబడ్డాడు. ఎడమ పక్కనుంచి వచ్చి ఎన్ని కోటలు తగలబెట్టాడో, డిపోలో ఎంతమందికి చెప్పుకుని నవ్వాడో అన్నీ ఒక్కసారి గుర్తొచ్చినట్టుంది. "మా అక్కక్కూడా చెప్పలేదా బావా?" అన్నాడు మెల్లగా. మాస్టారు తల అడ్డంగా ఊపాడు.

ఫోనులో సర్వేయరు అరవలేదు, తిట్టలేదు. అరిస్తే మాస్టారికి కొంచెం తేలికయ్యేది. "నేను వారానికోసారి ఆస్పత్రికి పోతున్నాను సార్" అన్నాడు. "ఆ మనిషికి అన్నం వాళ్ళావిడ కలిపి పెడుతోంది. నా వంక చూడడు. నోటు పెట్టానని చెబితే నవ్వుతాడు. మీరొచ్చి చెప్పండి."

"రేపొస్తాను. ముందు ఆఫీసుకి పోయి వస్తాను."

ఆ సాయంత్రం భార్యకి చెప్పాడు. ఆమె ఏడవలేదు. ఆయన మొహానికి ఒక పక్కగా చెయ్యి చాపి, "ఇది కనపడుతోందా?" అంది. లేదన్నాడు. ఇంకొంచెం ముందుకి తెచ్చింది. లేదన్నాడు. ముక్కు దగ్గరికి వచ్చాక ఉందన్నాడు. ఆమె చెయ్యి అక్కడే ఉంచి, "రెండేళ్ళు" అంది.

పొద్దున మేనేజరు, మాస్టారు తప్పు ఒప్పుకుంటూ రాసుకొచ్చిన కాగితం చదివి తలుపు వేయించాడు. "ఆరోగ్యం బాగాలేదని మానేయండి మాస్టారూ, గౌరవంగా పంపిస్తాం. ఆ సర్వేయరంటారా, పోయినవాడు పోయాడు. ఈ కాగితం బయటికి వస్తే కంపెనీ మెడకి చుట్టుకుంటుంది."

"పోయినవాడు పోలేదండీ, నేను పంపించాను" అన్నాడు మాస్టారు. కాగితం వెనక్కి తీసుకోలేదు. దాని నకలు అప్పటికే కరెంటు ఆఫీసులో ఇచ్చి వచ్చాడు.

ఆయన్ని ఆ రోజే పనిలోంచి తీసేశారు. సర్వేయరుని పిలుస్తామన్నారు గానీ ఎప్పుడన్నది చెప్పలేదు.

ఆస్పత్రిలో ఆ మనిషి రెండు చేతులూ కట్లతో దిండు మీద పెట్టుకుని ఉన్నాడు. మాస్టారు చెప్పిందంతా విన్నాడు. "అయితే ఇతను కాదన్నమాట" అని సర్వేయరుని చూసి తల ఊపాడు. మాస్టారిని చూడకుండా గోడ వైపు తిరుగుదామంటే చేతులు అడ్డం. అందుకని కళ్ళు మూసుకున్నాడు.

మెట్లు దిగేటప్పుడు సర్వేయరు మాస్టారి మోచెయ్యి పట్టుకున్నాడు. మర్యాదకి కాదు, మెట్టు చివర ఆయనకి కనపడదని.

"ఈ రెండేళ్ళలో ఎన్ని షీట్లు గీశారు సార్?"

మాస్టారు ఆ లెక్క వేసుకునే వచ్చాడు. "నూట ముప్పై ఎనిమిది."

"అందులో తవ్వనివి?"

"సగానికి పైనే."

"సర్వే ఫైళ్ళు మీ దగ్గరున్నాయా?"

"అన్నీ ఉన్నాయి. నా కంప్యూటరు మాత్రం అన్నిటినీ వరసగా మోయలేదు, పైగా దాని తెర పెద్దది."

నాలుగో రోజుకి అక్క కంప్యూటరు కూర్చి ఇచ్చింది. మంచి ప్రాసెసరు, నిండా మెమరీ, కార్డు మామూలుది, తెర పదిహేడు అంగుళాలది, తన బల్ల మీదిదే ఊడదీసి ఇచ్చింది. ఆట అందులో ఎక్కించలేదు. బామ్మర్దే వద్దన్నాడు, ముందు ఈ షీట్లన్నీ సరిచూడటం అయిపోనీ అని. డిపోకి సెలవు పెట్టి, ఒక్కో షీటు పేరూ వీధి పేరూ కాగితం మీద రాస్తూ కూర్చున్నాడు. సర్వేయరు మూలలు చదువుతాడు, మాస్టారు మధ్యభాగం చూస్తాడు. మాస్టారి భార్య టీ గ్లాసులు ఆయనకి ఎదురుగా, సరిగ్గా ముందు పెడుతోంది.

మొదటి ఆరు షీట్లలో ఏమీ లేదు. ఏడోదాంట్లో పై అంచున సర్వేయరు వేలు ఆగింది.

"గ్యాసు గొట్టం. మీ షీటులో లేదు" అన్నాడు.

బామ్మర్ది వీధి పేరు చదివాడు. అక్కడ తవ్వకం సోమవారం నుంచని ఆఫీసు పంపిన పాత పట్టికలో ఉంది. ఆ రోజు శుక్రవారం. మాస్టారు ఫోను అందుకోబోతే చెయ్యి పక్కకి పోయింది. సర్వేయరు దాన్ని తీసి ఆయన అరచేతిలో పెట్టాడు.