మీసానికి అంటిన బంగారం

మా మావయ్య పోర్టులో ఓడలకు రంగులు వేసేవాడు. బ్రష్ ఆనించే ముందు ఆ చోట దుమ్ము పోయేలా ఉఫ్‌మని ఊదడం ఆయన అలవాటు. అంతెత్తు ఓడ ముందు నిలబడి కూడా ఊదేవాడు.

తొంభైల్లో ఓ వేసవిలో, సముద్రం మీద వేటకెళ్లే మా పేటవాళ్లు అమ్మవారి కొయ్య విగ్రహానికి ఉల్లిపొరంత పల్చటి బంగారు రేకు అతికించమని ఆయన్నే అడిగారు. ఆ పని ఎన్నడూ చేసి ఎరగడు. అయినా కాదనలేదు. గాలి రాకుండా తలుపులు మూయించి, అమ్మవారి మొహానికి జిగురు రాసి, మొదటి రేకును మెత్తటి బ్రష్‌తో ఎత్తాడు. ఆనించబోతూ అలవాటుగా ఊదాడు. రేకు ఎగిరి, ముద్దయి, ఆయన మీసానికే అంటుకుంది.

ఎవరూ నవ్వలేదు. ఉన్న రేకులు విగ్రహానికి సరిపడానే. మర్నాడే ప్రతిష్ఠ.

"ఇంకెవర్నైనా పిలుద్దుమా బావా?" అన్నాడు మా నాన్న.

"ఆగు బావా. సెయ్యి బాగానే ఉంది. నోరే మాటినడం లేదు."

మావయ్య నోటికి తువ్వాలు కట్టుకున్నాడు. ఒక్కో రేకునూ ఊపిరి బిగబట్టి అతికించి, గోడ దాకా వెళ్లి ఊపిరి వదిలి వచ్చేవాడు. సాయంత్రానికి అమ్మవారు మెరిసిపోయింది, ఒక్క చెవి వెనక తప్ప. మీసం మీది ముద్దను వేలితో తీసి అక్కడ అద్దాడు.

చాలా ఏళ్లకు గోపాలపట్నంలో టీ తాగుతుంటే, ఆయన పొగలుగక్కే గ్లాసు పట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

"ఊదుకుని తాగు మావయ్యా," అన్నాను.

"ఊదడం మానీసినాన్రా. మళ్లీ అమ్మోరికి రేకు ఎయ్యాలంటే నన్నే పిలుత్తారు కదా."