సారు చూసిన బొగ్గింజను

రాయచోటిలో మా సందు చివర ఒక ఇస్త్రీ బండి ఉంది. పొద్దున్నే బండతను ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేస్తే పొగంతా మా వరండాలోకి వస్తుంది. మా ఆవిడ తలుపు మూస్తుంది, నేను తెరుస్తాను. మా సంసారంలో ఇంతకు మించిన తగాదా లేదు. ఆ వాసనకు నాకు దానియేలు సారు గుర్తొస్తారు.

నంద్యాల దాటాక నల్లమల మొదలయ్యే చోట ఒక పల్లె బడిలో నా మొదటి ఉద్యోగం. ఆయన మా హెడ్మాస్టరు. గొంతు పెంచేది హాజరు పిలవడానికి మాత్రమే. ఒక సోమవారం స్టాఫురూములో మామూలుగా అన్నారు. "నిన్న చింతచిగురుకని కొండకు పోతే బొగ్గింజను కనపడిందప్పా. రెండు పెట్టెలు లాక్కుంటా సొరంగంలోకి పోయింది."

బొగ్గుతో నడిచే ఇంజన్లు ఆ కొండ రైలుదారిన తిరగడం మానేసి అప్పటికి చాలా ఏళ్లయింది. చదువుకున్నవాణ్ణి కదా, కారణం చెప్పకుండా ఉండలేకపోయాను. "ఎండదెబ్బేమో సార్."

"ఎండదెబ్బ కూత పెట్టదు కదప్పా" అని సుద్దముక్క తీసుకుని క్లాసుకు వెళ్లిపోయారు.

సాయంత్రానికి ఊరంతా తెలిసి నవ్వుకుంది. పిల్లలు వెనకనుంచి కూత పెడితే ఆయన పక్కకు జరిగి దారి ఇచ్చేవారు.

ఆ నవ్వు ఖాసీంబీ పొలం మీదికి వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఆమె భర్త పోయాక, పక్క పొలం ఓబులేసు హద్దురాయిని లోపలికి జరిపాడు. ఆమె బావి అటువైపు పడింది. బావి లేకపోతే అక్కడ పొలమంటూ మిగలదు. మొదట ఆమె భర్తా ఓబులేసూ కలిసి ఆ రాయి పాతిన నాడు అక్కడున్న మూడో మనిషి సారు ఒక్కరే.

ఆ ఊళ్లో ఏ మతంవాళ్ల తగువైనా ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి ముందరే తేల్చేవాళ్లు. న్యాయం మీద నమ్మకం సంగతేమో గానీ, బెంచీలు అక్కడే ఉండేవి. సారు పాత హద్దు చెప్పగానే ఓబులేసు లేచాడు.

"లేని రైలును సూసినాయన రాయిని సూసినాడంట. యాడన్నా ఉండాదా ఇది?"

అందరూ నవ్వారు. పెద్దమనిషి దేవసాయం మెల్లగా అన్నాడు. "సారూ, రైలు సంగతి పొరపాటని ఒక్క మాట అను. రాయి సంగతి అందరం నమ్ముతాం."

ఖాసీంబీ ఆయన మొహమే చూస్తోంది. ఆ ఒక్క మాట అనమని నేను లోలోపల ప్రార్థించాను. నాకు ఆ అలవాటు లేదు.

"సూసినా దేవసాయం" అన్నారు సారు. "పొగకు కండ్లు మండినాయి. దాన్ని సూడలేదని ఈ నోటితో చెప్పి, రాయిని సూసినానని ఏ నోటితో చెప్పేది?"

ఖాసీంబీ కొంగు సర్దుకుంది. "సారు చెప్పిన చోటే నా హద్దు. నాకు ఇంకో సాచ్చెం వద్దు" అంది.

ఓబులేసు తల గోక్కున్నాడు. "ఊరంతా నవ్వినా రైలునే వదల్లేదు. ఈయన రాయిని వదుల్తాడా?" అని, "గడ్డపార తెండప్పా" అన్నాడు. అతనికి మంచితనం పుట్టిందని నేననను, విసుగు పుట్టింది. రాయి మాత్రం పాత చోటికి వచ్చింది.

ఆ ఇంజనును షూటింగుకని సినిమావాళ్లు తెచ్చారని కొందరన్నారు, అసలు రానే లేదని కొందరన్నారు. నేను ఆరా తీయలేదు. ఇప్పుడు నా పై అధికారులు, "మీరు పొరబడ్డారని ఒప్పుకుంటే పని అయిపోతుంది" అంటే, నా నాలుక ఒప్పుకోవడానికి సిద్ధంగానే ఉంటుంది. దాన్ని కాసేపు ఆపి, "లేదు సార్, చూశాను" అంటాను. చాలాసార్లు ఆ పని జరగదు. అందరూ ఓబులేసంత తొందరగా విసిగిపోరు.