కోయకుండా ఉంచిన చీర

షావుకారు పరమేష్ అంగడి ముందు, నడిబజారులో, ఈరక్క తాను నేసిన చీర మడత విప్పింది. దాంట్లో పోగు తెగిందని, అందుకు కూలి తగ్గిస్తానని ఆయన అన్నాడు. ఆమె అరవలేదు. ఒక కొస పక్కింటిదాన్నైన నా చేతికిచ్చి, రెండో కొస తాను పట్టుకుని, చీరను ఎండకు అడ్డంగా ఎత్తింది.

"ఏమప్పా పరమేషన్నా, తెగిన పోగు యాడుండాదో వేలు పెట్టి చూపీ. చూపిస్తివంటే ఈ చీరకు నాకు కూలే వద్దు."

టీ అంగడి దగ్గర కూర్చున్నవాళ్లంతా లేచి వచ్చారు. ఆయన కండ్లద్దాలు తుడుచుకుని ఆరు గజాలూ వెతికాడు. చివరికి కూలి మొత్తం ఇచ్చి, చీర మడిచిపెట్టమన్నాడు. మడత నేనే పెట్టాను. ఆయన మరి కాసేపు నిలబడి ఉండాలని మెల్లగా పెట్టాను.

మా కోడుమూరులో నూలు, పట్టు, జరీ షావుకారువి. మగ్గం మాది, నడుము నొప్పి మాది. నేసిన చీరను మగ్గం మీద నుంచి కోసిన రోజే ఆయన ఇంటికి చేర్చాలి. దుకాణంలో అది ఎంత పలికినా మాకు వచ్చేది కూలే. ఈరక్క ఇరవై రెండేళ్లుగా అదే పని చేస్తోంది. మొగుడు కంబన్న డోన్‌లో లారీలకు బస్తాలెత్తుతాడు, పదిహేను దినాలకోసారి వచ్చి నిద్రపోయి పోతాడు. ఉన్నది ఒక్క కూతురు, శివజ్యోతి. ఆ పిల్ల మగ్గం చప్పుడులోనే చదివి, ఇంటర్‌లో కాలేజీకంతా మొదట వచ్చింది. కర్నూలులో నర్సింగు సీటు వచ్చింది. ఫీజు కట్టే స్తోమత ఆ ఇంట్లో లేదు.

అయినా దారి లేకపోలేదు. మా నేతపనివాళ్ల సంఘం ఏడాదికొక ఆడపిల్లను చదివిస్తుంది. ఈసారి శివజ్యోతినే అనుకున్నారు. సంఘానికి పెద్ద నా మరిది సుందరం. ఇండ్ల నడుమ గోడ దగ్గర వచ్చిన తగాదాలో నేనూ అతనూ మాట మానేసి పదకొండేళ్లు. తప్పు అతనిదే.

ఇంతలో ఒక సినిమా హీరో వచ్చాడు. పేరు రాయను, ఆయనకు పేరు తక్కువై లేదు. కొత్త సినిమా పండగ కర్నూలులో పెట్టి, పదిమంది పేద ఆడపిల్లలను తన ట్రస్టు చదివిస్తుందని ప్రకటించాడు. కాలేజీవాళ్లు శివజ్యోతి పేరు పంపారు. తోడుగా నేనూ బస్సెక్కాను. స్టేజీ మీద పిల్ల చేతికి తలుపంత అట్ట చెక్కు ఇచ్చారు, దాని మీద లక్షల అంకె. ఆయన పిల్ల నెత్తిన చెయ్యి పెట్టాడు, ఫోటోలు తీశారు. ఆయన చేతి గడియారం ఖరీదుతో మా వీధి పిల్లలంతా చదువుకోవచ్చని నా పక్కన కూర్చున్నామె చెప్పింది. బాధగా కాదు, తన ఇంటి గొప్ప చెప్పుకున్నట్టు చెప్పింది. పిల్ల మెట్లు దిగగానే అట్ట తీసేసుకున్నారు. శివజ్యోతి పేరున్న కాగితం పీకి, ఇంకో పిల్ల పేరు అంటించి, మళ్లీ పైకి పంపారు. అది చూసిన కండ్లు నావే. చూసి కూడా నోరు మూసుకున్నాను.

మరుసటి రోజుకే ఊరందరి ఫోన్లలో ఆ ఫోటో. కూడలిలో అదే ఫోటోతో ఫ్లెక్సీ కట్టారు. ఈరక్క తలకు నూనె పెట్టుకుని, ఉతికిన చీర కట్టుకుని సంఘానికి పోయింది. మా పిల్లకు దేవుడిచ్చినాడు, మీ సాయం ఇంకో బిడ్డకు ఇయ్యండి అని పదిమందిలో చెప్పి వచ్చింది. అడగకుండానే వదులుకుంది. ఆ పూట ఆమె నడక చూస్తే నాకే అసూయ పుట్టింది.

పదిహేను రోజులకు, ట్రస్టువాళ్లు ఇల్లు చూసిపోవడానికి వస్తున్నారని కబురు వచ్చింది. అప్పుడు మగ్గం మీద పట్టు అంచు చీర ఒకటి ముగిసింది. పరమేష్ మనిషి రెండుసార్లు వచ్చి అడిగిపోయాడు. కోసి ఇచ్చేద్దునా అని ఈరక్క నన్ను అడిగింది. మా వీధిలో ఒక పద్ధతి ఉంది. కొత్త మనిషి గడప దాటితే, మంచినీళ్ల కంటే ముందు మగ్గం మీద కప్పిన గుడ్డ తీసి, నేసినది చూపిస్తాం. ఉత్త మగ్గం ముందు చుట్టాన్ని కూర్చోబెట్టడం మాకు నామోషీ. అందుకే కోయొద్దన్నాను, రెండు దినాలు ఆపమన్నాను. నా ఇంటి కుర్చీలు, గాజు గ్లాసులు కూడా ఇచ్చాను.

ఒక ఆడమనిషి, ఒక మగమనిషి వచ్చారు. ఈరక్క గుడ్డ తీసింది. వాన పడితే కారే కప్పును వాళ్లు తలెత్తి చూడలేదు. పిల్ల కంటే చీరకే ఎక్కువ ఫోటోలు తీశారు. ఎంత పలుకుతుందని ఆ ఆడమనిషి అడిగింది.

"పదారు వేలు. హైదరాబాదులో అయితే ఇంకా శానా" అంది ఈరక్క.

నెలకు ఎన్ని నేస్తారంటే మూడని చెప్పింది. ఆమె రాసుకుంది. కూలి ఎంతని ఆమె అడగలేదు, అడగని కూలిని ఈరక్క చెప్పలేదు. వచ్చినవాళ్ల ముందు కూలి మనిషినని చెప్పుకోవడం ఆమెకు చేతకాదు. నేనక్కడే గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. నాకూ తోచలేదు. చీర ఎవరిదో మా వీధిలో ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని పడదు.

వారానికి ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. శివజ్యోతి చదివి వినిపించింది. కుటుంబ ఆదాయం నెలకు నలభై ఎనిమిది వేలు కాబట్టి సాయానికి అర్హత లేదట. ఈరక్క ట్రస్టుకు ఫోన్ చేసి, చీర షావుకారుదని, తాను కూలికి నేస్తానని చెప్పింది. ఆ మాట ఆ రోజే చెప్పి ఉండాల్సిందమ్మా, ఫోటోలు పైకి పోయినాయి అన్నారు అవతలి నుంచి. మరి ఫ్లెక్సీలో మా పిల్ల బొమ్మ ఎందుకుందని అడిగితే, అది పబ్లిసిటీవాళ్ల పని, మాకు సంబంధం లేదన్నారు. ఆ బొమ్మ ఇప్పటికీ కూడలిలోనే ఉంది. కూరగాయలకు పోతే జనం ఈరక్కను ఆపి, నీ కూతురు అదృష్టవంతురాలు అంటున్నారు. ఆమె అవునంటోంది.

ఆ చీర కోసి పరమేష్‌కు ఇచ్చేసింది. ఆలస్యమైందని ఆయన రెండు మాటలు అంటే పడి వచ్చింది. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నేనూ నాలుగు తిట్టి అన్నం తిని ఉండేదాన్ని. ఎదురుపడితే తిన్నావా వదినా అని అడిగి పోయేది.

నిన్న మధ్యాహ్నం వచ్చింది. సీటుకు ఫీజు కట్టడానికి సోమవారం ఆఖరు. పిల్ల మగ్గానికి నూలు కండెలు చుట్టడానికి కూర్చుందని చెప్పింది. నీళ్లిస్తే తాగలేదు. గడప మీద కూర్చుని, పగిలిన వేళ్లకేసి చూసుకుంటూ అంది.

"సంగం ఆదివారం కూర్చుంటాదంట వదినా. ఇంకా ఏ పిల్లనీ ఖాయం చేయలేదంట. నేను పోలేను. మాకొద్దని నా నోటితోనే చెప్పి వస్తిని. కొట్లాడమంటే ఇప్పుడే లేస్తా. అడుక్కునేకి కాళ్లు రాలేదు, రెండుసార్లు ఆ వాకిలి దాకా పోయి తిరిగొస్తిని. సుందరం నీ మరిది. నువ్వు పో. ఆ చీర కోయొద్దన్నది నువ్వేనని, దాన్ని చూసే ట్రస్టువాళ్లు లేదన్నారని వాళ్లందరి ముందర చెప్పి, నా బిడ్డ కోసం అడుగు."