పన్నెండు కణుపులు

టీచరుగారు పోయారని ఆమె చెల్లెలు సోమవారం పొద్దున ఏడున్నరకు ఫోన్ చేసి చెప్పారు. నిద్రలోనే పోయారు. వయసు అరవై ఒకటి. పటమటలో రెండు గదుల అద్దె ఇంట్లో ఆమె ముప్పై ఆరేళ్లు వయొలిన్ నేర్పారు. నేను ఆమె దగ్గర రెండేళ్లు నేర్చుకున్నాను. నేర్చుకోలేకపోయాను అనడం సరైన మాట.

ఆమె పాఠం రాగంతో మొదలయ్యేది కాదు. "ముందు ఇదేంటో చెప్పు. వర్ణమా, కృతా, తిల్లానానా?" అని అడిగేవారు. చెప్పలేనివాళ్లు కమాను కింద పెట్టి నిలబడాలి. "ఏం వాయిస్తున్నావో తెలీకుండా వాయిస్తే, పెళ్లి చీర కట్టుకుని పరామర్శకి వెళ్లినట్టు ఉంటుంది" అనేవారు. నేను ఎక్కువ రోజులు నిలబడే ఉన్నాను.

నా పన్నెండో ఏట మా అమ్మ ముందు, మరో ఆరుగురు పిల్లల ముందు తేల్చి చెప్పారు. "ఒరేయ్, నీకు చెవి లేదు. కళ్లున్నాయి. చూసింది చూసినట్టు చెప్పే పనేదన్నా వెతుక్కో." ఆ రోజు నుంచి నేను వెళ్లలేదు. ఇరవై ఆరేళ్లుగా విలేకరిగా ఉన్నాను. నా బతుకు గురించి నాకు ఎవరైనా చెప్పిన ఒకే ఒక్క నిజం అది.

మూడేళ్ల కిందట ఆమె మొదటిసారి మా ఇంటికి వచ్చారు. గన్నవరం దారిలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. స్కూలు చేతులు మారింది. కొత్త యాజమాన్యం సంగీతం, డ్రాయింగ్ టీచర్లందరికీ ఇంగ్లీషులో రాతపరీక్ష పెట్టింది. సంగీతానికి పన్నెండు మాటలు ఇచ్చారు. అన్నీ పాశ్చాత్య సంగీత రచనల రకాలు. ఒక్కోదానికి ఒక్కో వాక్యంలో అర్థం రాయాలి. తప్పినవాళ్లకు కాంట్రాక్టు ఉండదు.

"మీకు ఇంగ్లీషు వచ్చు. మీరు నేర్పాలండీ" అన్నారు కుర్చీ అంచున కూర్చుని. ఆ 'మీరు' వద్దన్నాను. "నేర్పేవాళ్లని నువ్వు అనకూడదు. ఇంకో మాట, మొహమాటపడితే నాకు రాదు. తిట్టి నేర్పండి" అన్నారు.

స్కూలు ఇచ్చిన కాగితంలో మాటలు ఇంగ్లీషు అక్షరాల వరసలో ఉన్నాయి. గుర్తుండడానికి బాగుంటుందని నేను వాటిని మార్చి పేర్చాను. ఉయ్యాల పాట దగ్గర మొదలుపెట్టి కాటి పాట దాకా. లల్లబీ, బల్లాడ్, సెరెనేడ్, మార్చ్, యాంథెమ్, హిమ్, ఓవర్చర్, సొనాటా, కన్సర్టో, సింఫనీ, నాక్టర్న్, రెక్వియమ్. వరస ఆమెకు నచ్చింది. కాగితం ముట్టుకోలేదు. చదివి వినిపించమన్నారు.

నాలుగు ఆదివారాలు కూర్చున్నాం. ఆమె బొటనవేలు కణుపుల మీద నడిచేది. చిటికెనవేలి కింది కణుపు లల్లబీ. చూపుడువేలి కొస కణుపు రెక్వియమ్. నాలుగు వేళ్లకు పన్నెండు. కన్సర్టో అంటే ఒక వాయిద్యం ఒకవైపు, మిగతా బృందమంతా ఒకవైపు అని చెప్పాను. "మా స్టాఫ్‌రూమే" అన్నారు. బల్లాడ్ మన బుర్రకథ లాంటిదా అని అడిగితే, పోలికలు వద్దు, వాక్యం చెప్పండి అని కసిరాను. రాసి చూపించమంటే ప్రతిసారీ ఏదో సాకు చెప్పేవారు. చివరి ఆదివారం నాకు విసుగొచ్చింది.

"మీకు చెవి ఉంది టీచరుగారూ. కళ్లే లేవు" అన్నాను.

ముప్పై ఏళ్లు దాచుకున్న మాట. అనేటప్పుడు నాకు బాగానే ఉంది. ఆ సంగతి కూడా రాయాలి. ఆమె బొటనవేలు ఆగింది. దాన్ని చిటికెనవేలి కింది కణుపుకి తెచ్చి, "మళ్లీ మొదటినుంచి చెప్తాను" అన్నారు.

పరీక్ష అయిన రెండో రోజు ఆమె జవాబు పత్రం ఫొటో వాట్సాప్‌లో ఊరంతా తిరిగింది. మా ఆఫీసు గ్రూపులోకీ వచ్చింది, నవ్వే బొమ్మలతో. యాంథెమ్: తల్లి బిడ్డను నిద్రపుచ్చే పాట. లల్లబీ: అందరూ లేచి నిలబడి పాడేది. సింఫనీ: చనిపోయినవారి కోసం. పన్నెండింటికి ఒక్క బల్లాడ్ మాత్రం సరిపోయింది.

నాకు ఒక్క చూపులో అర్థమైంది. వాక్యాల్లో ఒక్కటీ తప్పు లేదు. వరస నాది. ప్రశ్నపత్రం స్కూలు వరసలో వచ్చింది. ఆమె అచ్చులో ఉన్న మాటలు చదవకుండా, వాటి పక్క గీతల మీద నేను నేర్పిన వరసలో రాసుకుంటూ పోయారు.

ఆమె ఇంటికి వెళ్లి అడిగాను. కళ్లలో నీటికాసులు, అదే గ్లకోమా, అన్నారు. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది, కుడి కన్ను సగం మిగిలింది. పోయింది తిరిగి రాదని డాక్టరు చెప్పాడు. కాగితం మీద గీతలు కనబడతాయి, అక్షరాలు కనబడవు. "సరళీ వరసలు ఎవరన్నా తిరగేసి అడుగుతారా? మీరు నేర్పిన వరసే వస్తుందనుకున్నాను" అన్నారు. తప్పు నా మీద వేసినట్టు కాదు, ఉన్నది చెప్పినట్టు.

స్కూలుకు వెళ్లి నేనే చెబుతానన్నాను. వద్దన్నారు. "తెలీదనుకుంటే ఇంగ్లీషు ఒక్కటే తెలీదనుకుంటారు. చూపు లేదంటే ఇంటికి కూడా ఎవరూ పిల్లల్ని పంపరు. కళ్ల సంగతి ఎత్తనని మాటివ్వండి." ఇచ్చాను. ఆ మాట నిలబెట్టుకుంటూనే డైరెక్టరును కలిశాను. కాగితం పక్కన పెట్టి ఒక్కసారి నోటితో అడిగి చూడమన్నాను. "రాతపరీక్ష అంటే రాతపరీక్షేనండీ" అన్నాడాయన. మర్యాదగానే అన్నాడు, కాఫీ కూడా ఇప్పించాడు. వారం తిరగకుండా ఆమె ఉద్యోగం పోయింది.

ఫొటో చూసిన తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించారు. ముగ్గురు మిగిలారు. కిందటి నెల వెళ్లినప్పుడు, "ఇప్పుడు ఎటునుంచైనా అడగండి" అన్నారు. నాక్టర్న్ అన్నాను. ఆమె బొటనవేలు చిటికెనవేలి అడుగు నుంచి బయల్దేరి ఒక్కో కణుపూ దాటుకుంటూ పదకొండో దాని దగ్గర ఆగింది. అప్పుడు సరిగ్గా చెప్పారు, రాత్రివేళకు రాసిన రచన అని. "ప్రతిదానికీ మొదటినుంచి రావాల్సొస్తోంది. పరీక్షలో అంత టైమిస్తారా?" అని నవ్వారు. ఆమె నవ్వగా చూడడం నాకు అదే మొదలు, అదే ఆఖరు.

కళ్ల సంగతి ఇన్నాళ్లూ ఎక్కడా ఎత్తలేదు. ఇక పిల్లల్ని మాన్పించడానికి ఆమె పాఠాలే లేవు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

సోమవారం నేను వెళ్లేసరికి ఆమెను చాప మీద పడుకోబెట్టారు. ఎవరో పెద్దావిడ కాలి బొటనవేళ్లు కట్టి, చేతుల దగ్గరికి వచ్చింది. రెండు బొటనవేళ్లూ దగ్గరికి చేర్చి, తెల్లదారం మూడు చుట్లు చుట్టి ముడి వేసింది. మిగతా వేళ్లు కొద్దిగా విచ్చుకుని ఉన్నాయి. అలా కట్టాక బొటనవేలు ఏ కణుపుకీ అందదు.