లీటరుకి ఇరవై మిల్లీలు

ఆ రోజుల్లో స్కూటరుకి పెట్రోలు ఒక్కటే పోయిస్తే నడిచేది కాదు. టూ స్ట్రోక్ ఇంజన్ కదా, పెట్రోల్లోనే టూ-టి ఆయిల్ కలపాలి. తక్కువైతే లోపల పిస్టన్ రాసుకుని, కాగి, పట్టేస్తుంది. ఎక్కువైతే ప్లగ్గు నల్లబడి, వెనక ఇటుకబట్టీ లాగా పొగ. ఎంత కలపాలో బండితో ఇచ్చిన పుస్తకంలో అచ్చేసే ఉండేది: లీటరుకి ఇరవై మిల్లీలు. అంత స్పష్టంగా అచ్చయిన సంగతి కూడా ఒక ఆడపిల్ల నోటి నుంచి వస్తే మద్రాసులో ఎవ్వరూ నమ్మరని, ఆ బండి నా చేతికి వచ్చాకే తెలిసింది. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మాది మద్రాసులోనే చూలై పేట, నాలుగు తరాలుగా అక్కడే. నేను టి. నగర్‌లో ఒక బడిలో కెమిస్ట్రీ లాబ్ అసిస్టెంటుగా కొత్తగా చేరాను. మోకాలి నొప్పి వచ్చి కిక్కు కొట్టలేక నాన్న తన స్కూటరు నాకిచ్చాడు. ఇది మా మామకి (అమ్మ తమ్ముడు, మా మేడ మీది వాటాలో ఉండేవాడు, ఆ బండి మీద ఆయనకి ఏనాటి నుంచో కన్ను) అస్సలు నచ్చలేదు. "ఆడపిల్ల చేతిలో ఈ బండి నిలవదు బావా. నెల తిరిగేలోపల ఇంజన్ పట్టేస్తాది, చూస్తా ఉండు" అన్నాడు. నాన్న కాసేపు గడ్డం గోక్కుని, "సరే, పట్టేస్తే బండి నీది. అందాకా పాపది" అని తీర్పు చెప్పాడు. నా ఎదుటే! నన్నొక్క మాట అడగకుండానే!

మొదటిరోజే బంకులో ఆయిల్ పోసేవాడు నా వెనక్కి చూసి, "అణ్ణన్ వరలియా?" అన్నాడు. అన్న రాలేదా అని. ఎందుకు రావాలి? ఉంటే కదా రావడానికి! లీటరుకి ఇరవై చాలని చెప్పాను. తల ఊపి, నలభై కొట్టాడు. "లేడీస్ వండిమ్మా, కొంచెం జాస్తి ఇరుక్కట్టుం" అన్నాడు. ఆడవాళ్ళ బండి కాబట్టి కాస్త ఎక్కువే ఉండాలట! ఏం, నేను కూర్చుంటే పిస్టన్‌కి దాహం పెరుగుతుందా? పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆమ్లాలు చుక్కల లెక్కన కొలిచే చేయి నాది. మర్నాడే ఆయిల్ డబ్బా ఒకటి, గీతలున్న కొలత గ్లాసు ఒకటి కొనుక్కున్నాను. బంకులో వంగి, గీతని కంటి ఎత్తున పెట్టుకుని, ఒక చుక్క ఎక్కువైతే తిరిగి డబ్బాలో వంపేదాన్ని. వెనక ఆటోవాళ్ళు హారన్లు మోగించేవాళ్ళు. మోగించనీ అనుకునేదాన్ని.

ఇంత చేసినా బండి పొగ కక్కడం మొదలుపెట్టింది. రోజురోజుకీ ఎక్కువైంది. పొద్దున్నే చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని ముప్పై కిక్కులు కొడితే గాని కదిలేది కాదు. బడిలో పిల్లలు నాకు 'పొగ మిస్' అని పేరు పెట్టారు. మా వీధి చివరి మెకానిక్ ప్లగ్గు ఊడదీసి, కాటుకలా అంటిన మసిని నా కళ్ళ ముందు ఆడించి, "ఆయిల్ జాస్తి పోస్తా ఉండావు తల్లీ. నాయనని కొలిచి పోయమను" అన్నాడు. నాయనని! నేను గ్లాసు తీసి చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది బిడ్డలకి మందు పోసేది కదా" అన్నాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంటి ముందు చిన్న చప్పుడైతే కిటికీలోంచి చూశాను. స్కూటరు సీటు ఎత్తి ఉంది. నాన్న ఒక చేతిలో ఆయిల్ డబ్బా, ఇంకో చేతిలో దగ్గుమందు మూత పట్టుకుని, దొంగలా వీధి అటూ ఇటూ చూస్తూ ట్యాంకులోకి వంపుతున్నాడు.

"ఆడ ఏం చేస్తా ఉండావు నాన్నా?"

"ఏం లేదమ్మా, సుమ్మా, ఊరికే..." మూత జేబులో పెట్టేసుకున్నాడు. "రవంత. నువ్వు ఇరవై అంటావే, నాకు మనసు ఆగలా."

ఆ రోజు నేను అరిచిన అరుపులకి మేడ మీద మామ రేడియో కట్టేశాడు. లోపల అమ్మ కూడా గరిటె చప్పుడు ఆపింది. "ఇంకెవరైనా నా బండి సీటు ఎత్తినారంటే నేను ఈ ఇంట్లో అన్నం తినను" అన్నాను. (రాత్రి తిన్నాను. ఎవరూ సీటు ఎత్తలేదు కదా.)

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? లాబ్ నోటుబుక్కు వెనక అట్ట మీద లెక్క వేశాను. ట్యాంకులో నాన్న దయవల్ల మిగులు ఆయిల్ ఉంది. పలచన కావాలంటే ఒకసారి ఉత్త పెట్రోలు పోయించాలి. పోయించాను. రెండు రోజుల్లో పొగ మాయమైంది, బండి తుమ్మెదలా పాడింది. శాస్త్రం అంటే ఇదీ అనుకున్నాను. మళ్ళీ బంకుకి వెళ్ళినప్పుడు ఆ ఆయిల్ మనిషి పక్కవాడికి కన్ను గీటి, "ఎన్నమ్మా, ఇన్నిక్కి గ్లాస్ ఇల్లియా?" అని నవ్వాడు. ఇవాళ గ్లాసు లేదా అని. గ్లాసు నా సంచిలోనే ఉంది. తీస్తే ఇంకా నవ్వుతాడు. "అవసరం లేదు, నా బండికి ఆయిలే అక్కర్లేదు" అని, ట్యాంకు నిండా ఉత్త పెట్రోలు పోయించుకుని, తల ఎత్తుకుని వచ్చేశాను.

మర్నాడు పొద్దున నుంగంబాక్కం దాటుతుండగా ఇంజన్ గొంతు మారింది. కీచుమని ఒక్క అరుపు, వెనక చక్రం బిగుసుకుపోయింది. క్లచ్చి ఎలా పట్టానో, బస్సుకి అడ్డం పడకుండా పేవ్‌మెంటు పక్కకి ఎలా చేరానో ఇప్పటికీ తెలియదు. నాకు ముందు తోచింది దెబ్బ గురించి కాదు. బండి మామదైపోయింది.

సాయంత్రం మెకానిక్ షెడ్డులో అందరూ చేరారు. మెకానిక్ గీతలు పడ్డ పిస్టన్‌ని గుడ్డ మీద పెట్టి, "చుక్క ఆయిల్ లేదు. ఎవరు చేసిన పని ఇది?" అన్నాడు. నేను నోరు తెరిచే లోపల నాన్న ముందుకు వచ్చాడు.

"నాదే తప్పు. పాప అరిచిందని పోసేది నిలిపేసినా."

"నీది కాదు బావా, నాది" అన్నాడు మామ, చెప్పుల వంక చూస్తూ. "నేనూ పోస్తా ఉంటి, దినమూ రవంత. పాప అరిచినాక నేనూ మానేస్తి."

"నీకెందుకురా? పట్టేస్తే బండి నీకే కదా వచ్చేది!" అన్నాడు నాన్న తెల్లబోయి.

"బండి వస్తాది సరే. బిడ్డ యాడైనా పడితే?"

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. జన్మలో స్కూటరు ఎక్కని మనిషి. "మీరు పోసేది చూసి, మంచిదేమో అని నేనూ పొద్దున్నే ఒక గరిటె..." అంది.

ముగ్గురూ నా వైపు తిరిగారు, క్షమించమన్నట్టు. ఉత్త పెట్రోలు సంగతి చెప్పడానికి అదే సమయం. నేనేం చేశానంటే, నడుం మీద చేతులు పెట్టుకుని, "చూసినారా? నా లెక్కలో మీరంతా చేయి పెట్టబట్టే కదా!" అని విరుచుకుపడ్డాను. ముగ్గురూ తలలు దించుకున్నారు. మామ తనంతట తానే, "బండి పాపదే బావా, నాకొద్దు" అన్నాడు. నేను పెద్దమనసు చేసుకుని ఒప్పుకున్నాను.

సిలిండర్‌కి బోర్ వేయించి, కొత్త పిస్టన్ ఎక్కించాక బండి తిరిగి వచ్చిన రోజు నాన్న వెనక కూర్చున్నాడు, ఎలా నడుస్తుందో చూద్దామని. ఎగ్మూరు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మెల్లగా అడిగాడు.

"బండి పట్టేసిన ముందురోజు బంకులో ఆయిల్ ఎంత పోసినావమ్మా?"

"ఇరవై, నాన్నా. లీటరుకి ఇరవై."

"ఊఁ" అన్నాడు. "నువ్వు పోస్తే సరిగ్గానే ఉంటాదిలే."

పక్క అద్దంలో ఆయన ముఖం కనిపించింది. కళ్ళు చిన్నవై, బుగ్గలు పైకి లేచి ముడతలు పడి ఉన్నాయి. పాపం, ఎండ కళ్ళలో పడుతున్నట్టుంది అనుకుంది అప్పటి ఆ పిల్ల, గేరు మార్చి, వీపు నిటారుగా పెట్టి, ఊళ్ళో మరెవరికీ బండి నడపడమే రాదన్నంత ధీమాగా పోతూ.